కారు కింద పరిచిన మీ పత్రిక

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రిక మా ఇంటికి 27 ఏళ్లుగా వస్తోంది. పొద్దున మా ఆయన చదువుతారు, ఆయన అయ్యాక నేను చదువుతాను, రాత్రి పది గంటలకు అది కారు కింద పడుకుంటుంది. గత జూన్ నుంచి దాని దినచర్య ఇదే. మీకు అవమానంగా తోస్తే మన్నించాలి. ఇంజిన్ ఆయిల్ ఎక్కడి నుంచి కారుతోందో కనిపెట్టడానికి అంత పనికొచ్చే వస్తువు మా ఇంట్లో మరొకటి లేదు. అట్టముక్క పరిచినా సరిపోతుందంటారు. అట్టముక్క మీద తేదీ ఉండదు కదా. మీ పత్రిక మీద ఉంటుంది. ఏ రాత్రి ఎన్ని చుక్కలు పడ్డాయో వేరే పుస్తకంలో రాసుకునే పని లేకుండా పోయింది.

రెండు ఆదివారాల కిందట మీ అనుబంధంలోని వాహనాల పుటలో ఒక పాఠకుడి ప్రశ్నకు ఇచ్చిన జవాబు చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను. పాత కారు, టర్బో ఇంజిన్, ఆయిల్ కారుతోంది, ఏ ఆయిల్ పోయించాలి అని ఆయన అడిగారు. కాస్త చిక్కటి ఆయిల్ పోయించండి, కారడం తగ్గుతుంది అని మీ పుట నిర్వాహకులు మూడు వాక్యాల్లో తేల్చేశారు. టర్బో లేని పాత పెట్రోలు కారుకైతే ఆ మాట కొంతవరకు చెల్లుతుందేమో, నేను వాదించను. ప్రశ్నలో టర్బో అన్న మాట ఉండగా జవాబులో అది ఒక్కసారి కూడా కనిపించకపోవడం నాకు నచ్చలేదు. జవాబు పత్రం దిద్దినట్టే దిద్దాలనిపించింది. 33 ఏళ్లు ఉన్నత పాఠశాలల్లో భౌతికశాస్త్రం చెప్పినదాన్ని, ఆ అలవాటు పోదు.

మాది కూడా టర్బో ఉన్నదే, 2010 నాటి చిన్న డీజిల్ కారు. అప్పట్లో మా ఆయన నడిపేవారు. ఆయనకు రాత్రిపూట చూపు ఆనడం మానేశాక నేను నేర్చుకున్నాను. 15 ఏళ్లు నిండడంతో 2025లో ఆర్‌సీని మరో ఐదేళ్లకు పొడిగించుకున్నాం. కొత్తది కొనరాదా అని పిల్లలు అడుగుతూనే ఉంటారు. కారు నడుస్తోంది, 20 కిలోమీటర్ల మైలేజీ ఇస్తోంది, చిత్తూరులో మా అక్కగారింటికి వెళ్లి రావడానికి ఇంతకంటే ఏం కావాలి?

జూన్‌లో ఒకరోజు వాకిట్లో ముగ్గు వేస్తే మర్నాటికి అందులో నేను పెట్టని చుక్కలు కనిపించాయి. నల్లటివి, జిడ్డువి. ఆ రాత్రే మొదటి కాగితం పరిచాను. ముందు చక్రాలు ఎక్కడ ఆనాయో పెన్సిలుతో గుర్తు పెట్టాను. తెల్లవారేసరికి 14 చుక్కలు. ఎక్కువ భాగం ఇంజిన్ ముందు వైపు, కొన్ని గేర్‌బాక్సు కలిసే చోట.

రేణిగుంట రోడ్డు పక్కన ఉన్న ఒక ఆయిల్ దుకాణానికి వెళ్లాను. విషయం పూర్తిగా వినకుండానే దుకాణదారు 20డబ్ల్యూ-50 అనే చిక్కటి ఆయిల్ డబ్బా బల్ల మీద పెట్టారు. "పాత బండికి ఇదే మందమ్మా" అన్నారు. నా మాన్యువల్‌లో ఆ అంకె లేదన్నాను. "ఆ పుస్తకం బండి కొత్తగా ఉన్నప్పుడు రాసిందమ్మా" అన్నారు. ఆ మాట నాకు సబబుగానే తోచింది. పోయించాను.

చుక్కలు 14 నుంచి 6కు తగ్గాయి. మా ఆయనకు కాగితాలు చూపించి గొప్పలు కూడా చెప్పుకున్నాను. మీ సలహా ఇచ్చినవారు ఇక్కడి వరకే చూసి ఉంటారు.

నేను ప్రతి ఆదివారం డిప్‌స్టిక్, అంటే ఇంజిన్‌లో ఆయిల్ మట్టం కొలిచే పుల్ల, చూసే మనిషిని. కారును చదునైన చోట ఆపి, పది నిమిషాలు ఆగి, పుల్ల తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూస్తాను. ఆ లెక్క కాగితం లెక్కతో కలవలేదు. చుక్కలు సగానికి పైగా తగ్గినా ఆయిల్ మట్టం మాత్రం మునుపటి వేగంతోనే పడిపోతోంది. వెయ్యి కిలోమీటర్లకు దాదాపు లీటరు. నేల మీద పడని ఆయిల్ ఎక్కడికి పోతున్నట్టు? ఒక శనివారం తెల్లవారుజామున కొండకు బయలుదేరాం. అలిపిరి తనిఖీ దగ్గర కారు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే వెనుక నీలి పొగ వచ్చింది. నల్ల పొగ అయితే డీజిల్ సరిగా కాలడం లేదని అర్థం. నీలి పొగ అంటే ఇంజిన్ ఆయిలే కాలుతోందన్నమాట. నేను కాగితం మీద చుక్కలు లెక్కపెట్టి మురిసిపోతుంటే ఆయిల్ పొగగొట్టంలోంచి చక్కా వెళ్లిపోతోంది.

ఇంకొకటి కూడా జరిగింది. పొద్దున్నే ఇంజిన్ స్టార్ట్ కాగానే ఆరిపోవలసిన ఎర్రటి ఆయిల్ దీపం రెండు మూడు క్షణాలు ఆలస్యంగా ఆరడం మొదలుపెట్టింది. ఆ దీపం విషయంలో చాలామందికి ఒక భ్రమ ఉంది. అది ఆయిల్ తగ్గితే వెలిగే దీపం కాదు, ఆయిల్ పీడనం పడిపోతే వెలిగే దీపం. ఆ దీపం దారిలో వెలిగిందంటే బండిని వెంటనే పక్కకు తీసి ఆపేయడమే, వచ్చే ఊరిదాకా పోదాం అనుకోకూడదు. మా ఇంజిన్‌లో పట్టేది మొత్తం మూడు లీటర్ల చిల్లర. పుల్ల మీద పై గీతకూ కింది గీతకూ మధ్య తేడా ఇంచుమించు లీటరు. అంటే కింది గీతకు వచ్చేసరికి మూడో వంతు ఆయిల్ లేనట్టే. మిగిలిన రెండు వంతులే అదే వేడిని మోయాలి.

టర్బో గురించి కొంచెం చెప్పకపోతే నా కోపానికి అర్థం ఉండదు. ఇంజిన్ వదిలే పొగ వేగంతో ఒక చిన్న చక్రం తిరుగుతుంది. అదే ఇరుసుకు అవతలి కొసన ఉన్న మరో చక్రం గాలిని ఇంజిన్‌లోకి నెడుతుంది. చక్రం చూడబోతే అరచేతిలో పట్టేంత, తిరగడం నిమిషానికి లక్షకు పైగా చుట్లు. మామూలు టర్బోలో ఆ ఇరుసుకు బాల్ బేరింగులు ఉండవు. ఇరుసుకూ దాని చుట్టూ ఉండే బుష్ అనే లోహపు తొడుగుకూ మధ్య ఉన్న పలుచని ఆయిల్ పొర మీద అది తేలుతూ తిరుగుతుంది. ఒక పక్క పొగ వేడి ఎర్రగా కాలిన ఇనుమంత. మా కారులో టర్బోను చల్లబరిచేది కూడా ఈ ఆయిలే, దానికి వేరే నీళ్ల ఏర్పాటు లేదు. ఆయిల్ పంపు నుంచి సన్నటి గొట్టంలో ఒత్తిడితో పైకి వస్తుంది. పని చేశాక వెడల్పాటి గొట్టంలోంచి ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్‌లోకి తన బరువుతో తానే జారిపోవాలి. వెనక్కి నెట్టే పంపు లేదు.

చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసినప్పుడు ఆ సన్నటి గొట్టంలో పైకి ఎక్కాల్సిన ఆయిల్ ఎంత చిక్కగా ఉంటే అంత ఆలస్యం. అంతసేపూ ఇరుసు మీద పాత తడి మాత్రమే ఉంటుంది. ఆముదం, వేరుశనగ నూనె ఒకేసారి రెండు గరాటల్లో పోసి చూసిన ఏ ఇల్లాలికైనా ఇది తెలుసు. అయినా పాత వృత్తి ఊరుకోనివ్వక రెండు పొడవాటి సీసాలు తెచ్చి, ఒకదాంట్లో 5డబ్ల్యూ-40, రెండోదాంట్లో 20డబ్ల్యూ-50 పోసి, సైకిల్ బేరింగు గుండ్లు రెండు ఒకేసారి వదిలాను. పల్చటి దాంట్లో గుండు అడుగు తాకేసరికి చిక్కటి దాంట్లోది ఇంకా సగం దారి కూడా దాటలేదు. ఇది మా వరండాలో మామూలు ఎండ వేళ చేసిన పని, హిమాలయాల్లో కాదు.

మరి అసలు జబ్బు ఏమిటంటే, అది ఆయిల్‌లో లేదు. ఆ పొగ చూశాక ఒక షెడ్డులో టర్బో పోయిందని, మార్చాలంటే 38,000 రూపాయలని చెప్పారు. ఏ భాగమూ విప్పకుండానే చెప్పారు. నేను అక్కడి నుంచి లేచి వచ్చి, కరకంబాడి రోడ్డులో 60 ఏళ్లు దాటిన ఒక మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆయన చేసిన మొదటి పని ఇంజిన్ నడుస్తుండగా పైన ఆయిల్ పోసే మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టడం. నన్నూ పెట్టమన్నారు. లోపలి నుంచి ఉడుకుతున్న కుండ మూత ఎగిరినట్టు గాలి తంతోంది.

"బ్రీదర్ మూసుకుపోయిందమ్మా" అన్నారు.

సిలిండర్లలోంచి కొంత వాయువు పిస్టన్ల పక్కగా ఛాంబర్‌లోకి దిగుతూనే ఉంటుంది. అది బయటికి పోవడానికి ఒక గొట్టం ఉంటుంది, దాన్నే బ్రీదర్ అంటారు. 15 ఏళ్ల మసి, జిడ్డు కలిసి అది పూడిపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడ ఆయిల్‌ను బయటికి తోస్తుంది. ఇంజిన్ పై మూత అయిన ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ దగ్గర తోస్తుంది, ఇంజిన్ ప్రధాన ఇరుసు అయిన క్రాంక్ బయటికి వచ్చే చోట ఉండే రబ్బరు సీలు దగ్గర తోస్తుంది. అన్నింటికీ మించి టర్బో నుంచి బరువుతో కిందికి జారాల్సిన ఆయిల్‌కు కింద నుంచి అడ్డు తగులుతుంది. కిందికి దారి లేని ఆయిల్ ఇరుసు పక్కనుంచి గాలి గొట్టంలోకీ పొగగొట్టంలోకీ పోతుంది. మేస్త్రి గాలి గొట్టం విప్పితే అరగ్లాసు ఆయిల్ కారింది. బ్రీదర్ నుంచి వచ్చే ఆవిరి వల్ల ఆ గొట్టంలో కాస్త తడి ఎప్పుడూ ఉంటుందట, అరగ్లాసు మాత్రం ఉండకూడదట. తరువాత టర్బో చక్రాన్ని వేలితో తిప్పి, పైకీ కిందికీ కదిపి చూశారు. రెక్కలు గోడకు ఎక్కడా రాసుకోలేదు. టర్బో నిక్షేపంలా ఉంది.

మీ పుట చూసేవారు గమనించవలసింది ఇంకొకటి ఉంది. సాధారణంగా టర్బోలో ఆయిల్‌ను ఆపేది రబ్బరు సీలు కాదు, పిస్టన్ రింగుల్లాంటి సన్నటి లోహపు రింగులు. దుకాణాల్లో అమ్మే లీకు మందు సీసాలు రబ్బరును కొంచెం ఉబ్బించి మెత్తబరిచే రకం. ఎండిపోయిన క్రాంక్ సీలుకు వాటివల్ల కొన్నాళ్లు ఉపశమనం దొరకవచ్చు. లోహపు రింగును ఏ మందూ ఉబ్బించలేదు. నాకు కూడా ఒక సీసా అంటగట్టబోయారు, దుకాణదారుకు ఇదే చెప్పి తిరిగి ఇచ్చేశాను.

డీజిల్ కారులో ఈ నీలి పొగను తేలికగా తీసుకోకూడదని మేస్త్రి గట్టిగా చెప్పారు. పెట్రోలు ఇంజిన్ అయితే తాళం తీస్తే నిప్పురవ్వ ఆగుతుంది, ఇంజిన్ ఆగుతుంది. డీజిల్ ఇంజిన్‌కు రవ్వ అక్కర్లేదు. టర్బో పూర్తిగా వదిలేసి ఆయిల్ ధారగా గాలి గొట్టంలోకి పోతే అదే ఇంధనమై, తాళం తీసినా ఇంజిన్ ఆగదు, పైగా వేగం పెంచుకుంటూ పోతుంది. భాకరాపేట ఘాట్‌లో ఒక జీపుకు అలా జరిగితే బ్రేకు తొక్కి పెట్టి, పెద్ద గేరులో వేసి క్లచ్ వదిలి ఆపారని, ఆయన ఎప్పటిదో సంగతి చెప్పారు. వింటుంటే నాకు ఒళ్లు జలదరించింది.

బ్రీదర్ కడిగారు. ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ మార్చారు. టర్బోకు ఆయిల్ వచ్చే గొట్టం దగ్గర రాగి వాషర్లు, ఛాంబర్ బోల్టు వాషరు కొత్తవి వేశారు. మొత్తం 4,600 రూపాయలు. 38,000 అన్నవారి షెడ్డు ముందు నుంచే ఇంటికి వచ్చాను, కొంచెం నెమ్మదిగా.

ఇప్పుడు ఆయిల్ సంగతి. నా మాన్యువల్ పట్టికలో 5డబ్ల్యూ-30, 5డబ్ల్యూ-40, 15డబ్ల్యూ-40 మూడూ ఉన్నాయి. డబ్ల్యూ అంటే చలికాలం అని, బరువు కాదు. దాని ముందున్న అంకె చలిలో ఇంజిన్ ఎంత తేలికగా తిరుగుతుందో చెబుతుంది. వెనుక అంకె 100 డిగ్రీల వేడిలో ఆయిల్ ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. 40 అంటే ఆ వేడిలో చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటిస్టోకుల (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) మధ్య ఉండాలి. 50 అంటే 16.3 నుంచి 21.9 మధ్య. మేస్త్రి దగ్గర ఇదంతా చెబుతుంటే పక్కన నిలబడ్డ కుర్రవాడు నవ్వి "5డబ్ల్యూను మైనస్ 30 డిగ్రీల్లో పరీక్షిస్తారట మేడమ్, తిరుపతిలో మైనస్ 30 ఎప్పుడొస్తుంది?" అన్నాడు. మంచి ప్రశ్న. నా తరగతిలో అయితే మెచ్చుకునేదాన్ని. ఇక్కడ ఎంత చలి పడినా 15డబ్ల్యూ ఆయిల్‌తో ఇంజిన్ తిరగకపోవడం ఉండదు, ఆ మాట నిజమే. కానీ పొద్దున 20 డిగ్రీల దగ్గర కూడా రెండింటిలో ముందుగా పైకి ఎక్కేది 5డబ్ల్యూనే. 15డబ్ల్యూలో కాకపోయినా 20డబ్ల్యూలో గుండ్లు వదిలి చూసినదాన్ని కాబట్టి అతనికి అదే చెప్పాను. 

మేస్త్రి తీర్పు ఇది. వెయ్యి కిలోమీటర్లకు లీటరు చొప్పున ఆయిల్ పోతున్నంత కాలం ఖరీదైన సింథటిక్ (కృత్రిమంగా తయారుచేసిన) ఆయిల్ పోయడం దండగ, మాన్యువల్‌లో ఉన్న 15డబ్ల్యూ-40 పోస్తూ ముందు లీకు చూసుకోవాలి. డబ్బా మీద డీజిల్ గుర్తు ఉందో లేదో చూడాలి. అమెరికా పెట్రోలియం సంస్థ పెట్టిన ఏపీఐ గుర్తుల్లో ఎస్‌తో మొదలయ్యేవి పెట్రోలుకు, సీతో మొదలయ్యేవి డీజిల్‌కు. సీఐ-4 అన్నది ఉంటే మా వయసు బండికి నిశ్చింత. లీకు అదుపులోకి వచ్చాక 5డబ్ల్యూ-40 సింథటిక్‌కు మారాలి. ఎందుకంటే బండి ఆపాక టర్బోలో నిలిచిపోయిన ఆయిల్ ఆ వేడికి మాడి గట్టిపడుతుంది, అట్లపెనం మీద నూనె జిగురు పట్టినట్టు. సింథటిక్ ఆ మాడుకు ఎక్కువ తట్టుకుంటుంది. సింథటిక్ పోస్తేనే లీకులు మొదలవుతాయని చెప్పేవారు మా వీధిలోనే ముగ్గురున్నారు. అంతవరకు పగుళ్లను పూడ్చి ఉంచిన మడ్డిని కొత్త ఆయిల్ కడిగేస్తే ఉన్న లీకు బయటపడవచ్చు. లేని లీకును అది పుట్టించదు. కొత్తగా 2020 తరువాత బీఎస్-6 కాలుష్య ప్రమాణాలతో వచ్చిన డీజిల్ కార్లకు పొగ వడపోత ఉంటుంది, వాటికి బూడిద తక్కువ వదిలే ఆయిల్ వేరే ఉంది. మా పాత దాని సలహా వాటికి వర్తించదు.

నేను 5డబ్ల్యూ-40 పోయించాను. మునుపు 10,000 కిలోమీటర్లకు మార్చేదాన్ని, ఇప్పుడు 7,500కే మారుస్తున్నాను. తగ్గినప్పుడల్లా కొత్త ఆయిల్ కలుపుతూనే ఉన్నాం కదా, ఇంక మార్చడమెందుకని అడిగేవారూ ఉన్నారు. సాంబారు సగం అయిపోయాక నీళ్లు కలిపితే అది కొత్త సాంబారు అవుతుందా? మసి, ఫిల్టర్‌లో చిక్కిన చెత్త అలాగే ఉంటాయి. అలాగని డీజిల్ ఇంజిన్‌లో ఆయిల్ వారానికే నల్లబడిందని మార్చనక్కర్లేదు. డీజిల్ మసితో అది నల్లబడే తీరాలి. పై గీత దాటేలా పోయడమూ తప్పే. క్రాంక్ దాన్ని మజ్జిగలా చిలికి నురగ చేస్తుంది, ఆ నురగ మళ్లీ బ్రీదర్ దారినే పడుతుంది.

ఖాళీ డబ్బాలను నేను షెడ్డులో అలాగే వదలను. మేకుతో రెండు కన్నాలు పొడిచి వదులుతాను. లేకపోతే వాటిలో నకిలీ ఆయిల్ నింపి అమ్ముతారని మీ విలేకరులకు చెప్పనక్కర్లేదు. తీసిన ఆయిల్‌ను మాత్రం మేస్త్రి పీపాలో పోయించి వస్తాను. వాడిన ఆయిల్‌ను అధీకృత రీసైక్లింగ్ వారికే ఇవ్వాలని 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. మన షెడ్లలో అది సెంట్రింగ్ చెక్కలకు పూతగానో కాలువలోకో పోతోంది. దాని మీద మీరు వేరే కథనం రాయవచ్చు.

కొండకు వెళ్లేవారికి ఒక సంగతి. 1944లో వేసిన మొదటి ఘాట్ దారిలో దిగేటప్పుడు మలుపుల దగ్గర తారు మీద నల్లటి చారలు చూడండి. అవి మాలాంటి వారి కార్లు కార్చినవే. తొలకరి జల్లు పడితే స్కూటరు చక్రం వాటి మీద ఎలా జారుతుందో వేరే చెప్పాలా? నా లీకు నా వాకిటి సమస్య మాత్రమే అనుకున్నన్ని రోజులు నేను చిక్కటి ఆయిల్‌తో సరిపెట్టుకున్నాను, ఒప్పుకుంటున్నాను. ఎక్కేటప్పుడు రెండో ఘాట్‌లో టర్బో దారి పొడవునా కష్టపడుతుంది. పైన కారు నిలిపాక ఒక నిమిషం ఇంజిన్‌ను ఊరికే నడవనిచ్చి, టర్బో నెమ్మదించాక ఆపుతాను. పార్కింగ్ దగ్గరి కుర్రవాడు ప్రతిసారీ "ఆపండమ్మా, ఆపండి" అంటాడు. "ఒక్క నిమిషం నాయనా" అంటాను. నేను ఏదో మొక్కు చెల్లిస్తున్నానని అతని అనుమానం.

ఆ పాఠకుడికి ఇచ్చిన జవాబును దయచేసి సవరించండి. ఆయన ఏ ఆయిల్ కొన్నా, ముందు ఇంజిన్ నడుస్తుండగా ఆ మూత తీసి అరచెయ్యి పెట్టి చూడమని చెప్పండి. వేడి ఆయిల్ చిమ్మవచ్చు, పాత చీర కట్టుకున్న రోజు నేను చేశాను. ఆయనకు పాత చొక్కా చాలు.

మా కారు ఇప్పుడు 4,000 కిలోమీటర్లకు ఒక లీటరు అడుగుతోంది. నీలి పొగ లేదు. గేర్‌బాక్సు వైపు క్రాంక్ సీలు మాత్రం ఇంకా చెమరుస్తోంది. దాన్ని మార్చాలంటే గేర్‌బాక్సు దింపాలి, కూలికే 9,000 అవుతుంది. క్లచ్ ప్లేటు మార్చడానికి కూడా అదే గేర్‌బాక్సు దింపాలి కాబట్టి, రెండూ ఒకేసారి చేస్తే ఒక కూలి మిగులుతుందని మేస్త్రి ఆగమన్నారు. ఈ రోజు ఉదయం మీ క్రీడల పుట మీద నాలుగు చుక్కలున్నాయి. క్లచ్ ప్లేటు ఎప్పుడు అరుగుతుందా అని నేనూ మా ఆయనా ఎదురుచూస్తున్నాం.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు,
తిరుపతి.
(పేరు ప్రచురించవద్దని మనవి. ఆ ఆయిల్ దుకాణదారు మా పూర్వ విద్యార్థి.)